మెరీనా హతసాక్షుల చరిత్ర: ఒక విమర్శ

మడగాస్కరు ద్వీపములో రసలామా అను స్త్రీ ఈటెలతో పొడవబడి చనిపోయిన కథను ఆదివారపు బడిలోనో, ఉజ్జీవ కూటములలోనో విన్న చదువరులు కొందరుందురు. సంకెళ్ల బాధతో రాత్రి గడిపిన తరువాత ఆమెను వధ్యస్థలమునకు నడిపించుకొనిపోవుచుండగా ఆమె కీర్తనలు పాడుచు నడచెననియు, అంబోహిపోత్సి అను చోట మోకాళ్లూని ప్రార్థించుచుండగనే ప్రాణము విడిచెననియు మనకు చెప్పిరి. అది 1837వ సంవత్సరము ఆగష్టు నెల 14వ తేదీ. ఆ కథ నిజము. దానిని నేను సందేహించుట లేదు. ఆ కథను మనకు అందించిన పుస్తకములను గూర్చియే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. ఏలయనగా హతసాక్షుల చరిత్రను కన్నీళ్లతో చదువుట మనకు అలవాటేగాని, దానిని పరీక్షించి చదువుట మనకు అంతగా అలవాటు లేదు.

ఆ పుస్తకములలో రెండు ముఖ్యమైనవి. ఒకటి ఫ్రీమను, జాన్సు అను ఇద్దరు మిషనరీలు కలిసి 1840లో ప్రచురించిన హింసల వృత్తాంతము. రెండవది విలియము ఎల్లిసుగారు 1870లో ప్రకటించిన గ్రంథము. దాని పేరునకు మన భాషలో “హతసాక్షుల సంఘము” అని అర్థము. ముగ్గురును లండను మిషను వారే. 1805లో క్రాను, డెగ్రాంజి అనువారిని మన విశాఖపట్టణమునకు పంపిన సొసైటీయే పదమూడు ఏండ్ల తరువాత జోన్సు, బెవాను అను ఇద్దరు వేల్సు దేశపు యువకులను మడగాస్కరునకు పంపెను. ఆ యిద్దరును తమ భార్యలతోను ఒక్కొక్క పసిబిడ్డతోను తూర్పు తీరమున నిలిచిరి. కొద్ది నెలలలోనే జ్వరము వారిని పట్టెను. ఆరుగురిలో అయిదుగురు సమాధి చేయబడిరి. మిగిలిన జోన్సుగారు ఒంటరిగా 1820లో కొండల మీదనున్న అంటనానరివో పట్టణమునకు ఎక్కిపోయి అక్కడ బడి తెరచిరి.

ఆ కొండసీమకు ఇమెరీనా అని పేరు. అక్కడి జనులు మెరీనావారు. పాత మిషను పుస్తకములన్నియు వారిని “హోవా” జనమని పిలుచుట కలదు. ఇది పొరపాటు. హోవా అనగా ఆ జనములో ఒక తరగతి మాత్రమే. ఒక ఊరిలోని ఒక కులము పేరుతో ఊరంతటిని పిలిచినట్లుండును. ఈ చిన్న పొరపాటు వెనుకనే పెద్ద పొరపాటు ఒకటి దాగియున్నది గనుక, ఆ సమాజమును కొంచెము వివరించెదను.

మెరీనావారు వరి పండించువారు. పట్టణము చుట్టునున్న పల్లపు బురద నేలలకు గట్లు వేసి, నీళ్లు మళ్లించి, వాటిని మాగాణి చేసిరి. ఆంద్రియనంపొయినిమెరీనా అను రాజు 1787 మొదలు 1810 వరకు ఏలి, చిన్న చిన్న కొండ రాజ్యములన్నిటిని కూర్చి ఒక్కటి చేసెను. సముద్రమే తన వరిచేనికి గట్టు కావలెనని అతని కోరిక. అతని కుమారుడు రదామా ఆ కోరికను తుపాకులతో నెరవేర్చ మొదలుపెట్టెను. ఈ రాజ్యములో జనులు అంతస్తులుగా నుండిరి. పైన ఆంద్రియన అను రాజకులమువారు. తరువాత హోవా, అనగా స్వతంత్రులైన రైతులు. ఆ పిమ్మట మైంతి అనబడిన రాజసేవకులు. మైంతి అనగా నల్లవారు. అందరికంటె క్రింద అందెవో, అనగా బానిసలు. యుద్ధములో పట్టుబడినవారు, అప్పు తీర్చలేక అమ్ముడుపోయినవారు, సముద్రము దాటించి తేబడిన ఆఫ్రికావారు ఈ తరగతిలో నుండిరి. పెండ్లిండ్లు ఎవరి తరగతిలో వారికే. మెరీనావానికి పితరుల భూమి, పితరుల సమాధి అనునవి ప్రాణముతో సమానము. బానిసకు ఆ రెండును లేవు. సమాధి లేనివానికి వంశమును లేదని వారి తలంపు.

1817లో రదామా ఇంగ్లీషువారితో ఒడంబడిక చేసికొని, బానిసలను ఓడలకెక్కించి అమ్ముట మానెదనని ఒప్పుకొనెను. దానికి ప్రతిగా తుపాకులు, మందుగుండు పొందెను. ఓడలకు అమ్ముట మాత్రమే ఆగినది. దేశము లోపల బానిసత్వము ఆగలేదు సరిగదా, రదామా సైన్యములు పట్టి తెచ్చినవారితో అది మరింత పెరిగెను. ఈ ఒడంబడిక మూలముననే మన మిషనరీలకు ద్వారము తెరవబడెను. ఎల్లిసుగారు దీనిని దేవుని నడిపింపుగా చెప్పుచున్నారు. అట్లే అగునుగాక. అయినను ఆ ద్వారముగుండ సువార్తతోపాటు తుపాకులును లోపలికి పోయెననుటను చదువరి మరువకూడదు. రదామాకు కావలసినది బడిపంతుళ్లు, కమ్మరులు, తోలుపని నేర్పువారు. బడిలో చదువుకొన్న పిల్లలను అతడు గుమాస్తాలుగాను సిపాయీలుగాను తీసికొనెను. బడి అనగా పిల్లవానిని దొర పనికి పట్టుకొనిపోవు చోటు అని తలిదండ్రులు జంకుట ఆ దినములలోనే మొదలాయెను.

ఇక ఈ గ్రంథముల మంచితనమును చెప్పవలెను. హింసా కాలమును గూర్చిన అధ్యాయములకు సాటి రాగలవి మిషను సాహిత్యములో బహు కొద్ది. 1835 మార్చి 1వ తేదీన రాణి రనవలోనా జనమంతటిని సమకూర్చి క్రీస్తు మతమును నిషేధించెను. ఆ సంవత్సరముననే బైబిలు గ్రంథమంతయు వారి భాషలో అచ్చు ముగిసెను. మరుసటి ఏట మిషనరీలు దేశము విడిచిపోయిరి. అటుపిమ్మట ఇరువది అయిదు ఏండ్లు ఆ సంఘమునకు దొర లేడు, జీతముగల బోధకుడు లేడు, మందిరము లేదు. ఉన్నదెల్ల మట్టిలో పాతిపెట్టి దాచిన పుస్తకములు, రాత్రివేళ తలుపులు మూసికొని చేసిన ప్రార్థనలు. అట్టి సంఘము తరిగిపోక పెరిగెను. ఎల్లిసుగారు ఇక్కడ తన వాక్చాతుర్యమును ప్రక్కనబెట్టి, విశ్వాసుల ఉత్తరములనే, సాక్షుల మాటలనే ముందుంచిరి. ఇది ఆయన చేసిన గొప్ప మేలు. మిషనరీ లేకపోయినను సంఘము నిలుచునని ఒక మిషనరీయే ఒప్పుకొని వ్రాసిన పుస్తకము ఇది. జీతపు సేవకుడు రెండు ఆదివారములు రాకపోయినచో గుడి తలుపు తీయని సంఘములు ఈ అధ్యాయములను తప్పక చదువవలెను.

ఎల్లిసుగారిని గూర్చి మరియొక సంగతి. 1838లో ఆయన మడగాస్కరు చరిత్రను రెండు సంపుటములుగా వ్రాసిరి. అప్పటికి ఆయన ఆ దేశమును కంట చూడలేదు. లండనులో కూర్చుండి మిషనరీల కాగితములను చూచి కూర్చిరి. తరువాత 1853 మొదలు 1856 వరకు మూడుమారులు పోయివచ్చిరి. 1862 మొదలు 1865 వరకు అంటనానరివోలోనే కాపురముండిరి. హతసాక్షులు చనిపోయిన స్థలములలో రాతి మందిరములు కట్టించవలెనని ఇంగ్లండు సంఘములను అడిగినది ఆయనే. కాబట్టి 1870 నాటి పుస్తకము వినికిడి కాదు, కన్నులార చూచినవాని సాక్ష్యము. నా ఫిర్యాదంతయు దీనిమీదనే. కన్నులార చూచినవాడు కొన్నిటిని చూడక ఎట్లు దాటిపోయెను?

రఫరవావి కథను చూడుడి. ఈమె గొప్పింటి స్త్రీ. క్రీస్తును నమ్మి తన యింటిలో ప్రార్థనలు జరిపించుచుండెను. 1836లో ఈమెను అధికారులకు పట్టియిచ్చినవారు ఎవరు? ఆమె యింటి బానిసలే. తండ్రి కోపించి ఆ బానిసలకు సంకెళ్లు వేయించగా, ఆమె వారిమీద పగ పట్టక వారిని విడిపించెనని ఆ వృత్తాంతము చెప్పుచున్నది. అప్పుడు జరిమానాతో తప్పించుకొన్నను, 1837లో ఆమె మరల పట్టబడి మరణశిక్ష పొందెను. శిక్ష జరుగవలసిన దినమునకు ముందటి రాత్రి పట్టణములో పెద్ద అగ్నిప్రమాదము కలిగి ఆజ్ఞ వాయిదా పడెను. పిమ్మట ఆమెను సంతలో బానిసగా అమ్మిరి. ఆమె పారిపోయి, అడవులు దాటి, ఓడ యెక్కి, 1839లో ఇంగ్లండు చేరి అక్కడి సంఘముల యెదుట సాక్ష్యమిచ్చెను.

ఇంతటి కథ చేతికి చిక్కినను గ్రంథకర్తలు దానిలోనుండి ఒక్క పాఠమునే తీసికొనిరి: యజమానురాలి క్షమాగుణము. అది ఉన్నదే. అయితే బానిసలు ఆమెను ఎందుకు పట్టియిచ్చిరని ఎవరును అడుగలేదు. క్రీస్తునందు స్వాతంత్ర్యమును గూర్చి ప్రతి రాత్రి చదువబడుచున్న యింటిలో నీళ్లు మోసి, వరి దంచి, దీపము పట్టుకొని నిలువబడినవారు ఏమి వినిరో, ఏమి తలంచిరో వారికి పట్టలేదు. బానిసలను కలిగిన స్త్రీయే సంతలో బానిసగా నిలువబడినప్పుడు ఆమె హృదయములో ఏమి జరిగెనో అదియు వారు విచారింపలేదు. ఫిలేమోను పత్రికను చదివిన మిషనరీల చేతిలో ఒనేసిము కథ వచ్చి పడగా, వారు ఫిలేమోను మంచితనమును మాత్రమే వ్రాసికొని పోయిరి.

1849 నాటి సంగతియు అట్టిదే. మార్చి 28వ తేదీన పదునెనిమిది మందికి మరణశిక్ష జరిగెను. నలుగురిని ఫరవోహిత్ర కొండమీద సజీవముగా కాల్చిరి. పదునలుగురిని అంపమరినాన అను కొండచరియనుండి క్రిందికి త్రోసిరి. మంటల నడుమ ఒక స్త్రీ బిడ్డను కనెననియు, వాన కురిసి మంట ఆరిపోయెననియు చదివినప్పుడు చేతిలోని పుస్తకము వణకును. ఆ నలుగురును రాజకులమువారని ఎల్లిసుగారు చెప్పుచున్నారు. చెప్పి ఊరకున్నారు. రాజకులముల రక్తము నేలమీద చిందరాదనునది అక్కడి నియమము. అందుచేత వారికి అగ్ని, తక్కినవారికి కొండచరియ. మరణశిక్షలో సహితము అంతస్తు పాటింపబడెను. ఒకే ప్రభువు నిమిత్తము ఒకే దినమున చనిపోయినవారిని రాణి రెండు కొండలమీద వేరుచేసెను. పరలోకమందు వారు ఏకమైరని వ్రాయుట సులభము. వారు బ్రదికియుండగా రాత్రి ప్రార్థనలలో ఒకే చాపమీద కూర్చుండిరా లేదా అనునదే నాకు తెలియవలసిన సంగతి. నిజమునకు ఆ రహస్య కూటములలో రాజకులమువారు, రైతులు, బానిసలు కలిసికొనిరి. ఆ కలయికయే రాణికి రాజద్రోహముగా కనబడెను. 1835కు ముందే బానిసలకు చదువు నేర్పకూడదని ఆజ్ఞ పుట్టుట ఇందుకు గుర్తు. ఇంత గొప్ప సంగతి గ్రంథములో అక్కడక్కడ చెదరియున్నదిగాని, దాని విలువను గుర్తించి ఒక చోట కూర్చినవారు లేరు.

రాణి రనవలోనాను గూర్చియు ఒక మాట. మిషను పుస్తకములలో ఆమె యెజెబెలు వంటిది. ఆమె క్రూరత్వమును నేను తగ్గించి చెప్పబోను. తంగేన అను విషపు గింజను కోడి చర్మపు ముక్కలతో తినిపించి, మూడు ముక్కలును కక్కినవాడు నిర్దోషి, కక్కనివాడు దోషి అను పరీక్షతో వేలకొలది జనులు చనిపోయిరి. యుద్ధములలోను, కూలి లేని రాజు పనులలోను చచ్చినవారు లెక్కకు మిక్కుటము. వీరిలో ఎక్కువమంది క్రైస్తవులు కారు. క్రీస్తు నిమిత్తము చంపబడినవారు వీరితో పోల్చిన కొద్దిమందే. మన పుస్తకములు ఆ కొద్దిమందిని గూర్చి చెప్పి తక్కిన గొప్ప సమూహమును గూర్చి రెండు మాటలతో ముగించినవి. మనవారు గనుక మనకు ముఖ్యులు, నిజమే. కాని ఆ రాణి భయమునకు కారణములును ఉండెను. 1829లో ఫ్రెంచి ఓడలు తీరముమీద దాడి చేసెను. 1845లో ఫ్రెంచి, ఇంగ్లీషు ఓడలు కలిసి తామతావు రేవును ఫిరంగులతో కొట్టెను. 1857లో కొందరు తెల్లవారు రాణిని పడద్రోయ కుట్ర పన్నగా, అది బయటపడి, ఆ నేరము క్రైస్తవుల నెత్తిమీదికి వచ్చెను. ఆ ఏట అనేకులు రాళ్లతో కొట్టబడి చనిపోయిరి. ఆ కుట్ర పన్నిన దొరలకు దేశబహిష్కారము, విశ్వాసులకు రాళ్లు. రాణి ఆస్థానములోనే రవోంబానా అను కార్యదర్శి ఒకడుండెను. ఇంగ్లండులో చదువుకొన్న మెరీనావాడు. అతడు తన జనుల చరిత్రను ఇంగ్లీషులో రహస్యముగా వ్రాసిపెట్టి 1855లో చనిపోయెను. అతడు రాణిని పొగడలేదు. అయినను మెరీనావాడు మెరీనా కష్టమును చూచిన చూపు అందులో కలదు. అది 1980 తరువాతగాని అచ్చులో వెలువడలేదు గనుక ఎల్లిసుగారు దానిని చూడలేదని తప్పు పట్టరాదు.

ఎల్లిసుగారి పుస్తకము జయధ్వనితో ముగియుచున్నది. 1861లో రాణి చనిపోయెను, తలుపులు తెరవబడెను. 1869 ఫిబ్రవరి 21వ తేదీన రెండవ రనవలోనా రాణియు, ప్రధాని రైనిలయారివోనియు బాప్తిస్మము పొందిరి. ఆ సెప్టెంబరులో రాజవిగ్రహములను కాల్చివేసిరి. జనులు వేలకొలదిగా మందిరములకు వచ్చిరి. ఇంతటితో పుస్తకము మూసిరి. రెండేండ్లకు, 1872లో, గ్రంథకర్తయు పరమపదించిరి. తరువాత జరిగినది చూచుటకు ఆయన లేరు. మనము చూచితిమి గనుక మనకు ఆ ముగింపు ముగింపు కాదు.

రాణి గుడికి పోవగా గుడికి పోవుట రాజాజ్ఞయైనట్లు తోచెను. పల్లెలలో జనులను పేర్లు పిలిచి ఆదివారము కూర్చుండబెట్టిరి. పిల్లలను బడులలో లెక్క వ్రాసికొనిరి. ఆ లెక్కను చూచియే వెట్టిచాకిరికిని సైన్యమునకును పిలిచిరి. కూలి లేని ఈ రాజు పనికి ఫనొంపోవానా అని పేరు. బంగారము త్రవ్వుటకు, దారులు వేయుటకు, సామాను మోయుటకు సంఘస్థులే పోవలసి వచ్చెను. పేరు పిలుచువాడు కొన్ని చోట్ల సంఘ బోధకుడే. ఒక తరమునకు ముందు దొంగచాటుగా ప్రార్థించినవారి బిడ్డలు ఇప్పుడు సర్కారు మతమునకు పెద్దలైరి. మరి బానిసలు? 1877లో ఆఫ్రికానుండి తేబడినవారిని విడిపించిరి. తక్కినవారు అట్లే నిలిచిరి. సంఘ పెద్దలకును, బోధకులకును బానిసలుండిరి. మిషనరీలు ఊరూరు తిరుగుటకు ఎక్కిన పల్లకీలను మోసిన బోయీలలో అనేకులు బానిసలే. వారి కూలిలో భాగము వారి యజమానులకు చేరెను. 1870 తరువాత క్వేకరు మిషనువారు ఈ బానిసత్వమునకు విరోధముగా బాహాటముగా మాటలాడిరి. వారిని మెచ్చుకొనవలెను. కాని సంఘము మొత్తము దానిని పాపమని ఎంచి విడిచిన దినము రాలేదు. చివరకు 1896 సెప్టెంబరులో బానిసలను విడిపించినది ఎవరు? దేశమును జయించి, ఆ మరుసటి ఏటనే రాణిని చెరపట్టి పంపివేసిన ఫ్రెంచివారు. సంఘము చేయవలసిన పనిని పరాయి ప్రభుత్వము తన స్వలాభము కొరకు చేసెను. ఈ వాక్యము వ్రాయుటకు నాకు సిగ్గుగా నున్నది.

అంతకు ముందటి ఏట, 1895 నవంబరులో, ఎర్ర శాలువలవారు అను తిరుగుబాటుదారులు లేచిరి. మెనలంబా అని వారి భాషలో పేరు. అరివోనిమామో అను ఊరిలో క్వేకరు మిషనరీ జాన్సనుగారిని, ఆయన భార్యను, బిడ్డను చంపిరి. వందలకొలది మందిరములను కాల్చిరి. ఈ తిరుగుబాటును గూర్చి స్టీఫెను ఎల్లిసు అను చరిత్రకారుడు 1985లో మంచి గ్రంథమొకటి వ్రాసెను. (పేరు ఒకటేగాని మనిషి వేరు.) దానిని ఎల్లిసుగారి పుస్తకము ప్రక్కన పెట్టి చదివినప్పుడే నాకు సంగతి అర్థమైనది. మందిరములను కాల్చినవారు ఫ్రెంచివారిని మాత్రమే ద్వేషింపలేదు. గుడి అనగా వెట్టిచాకిరి, బడి అనగా సిపాయి పట్టుబడి అని ముప్పది ఏండ్లుగా చూచినవారు వారు. హతసాక్షుల రక్తముతో నాటబడినదని ఎల్లిసుగారు పొగడిన ఆ సంఘమును ఆ జనులలోనివారే అంతగా ఎందుకు ద్వేషించిరని ఆయన గ్రంథమును అడిగినయెడల జవాబు దొరకదు. జవాబు ఆయన విడిచిపెట్టిన అధ్యాయములో, అనగా రఫరవావి యింటి బానిసల అధ్యాయములో, ఉన్నది.

పరదేశ సంఘమును విమర్శించుట సులభము. కొన్ని పల్లెలలో సంఘములోనికి వచ్చినను ఏ పేటవారు ఆ పేట చాపమీదనే కూర్చుండుట, పెండ్లిమాట వచ్చినప్పుడు బాప్తిస్మపు పేరును ప్రక్కనబెట్టి ఇంటిపేరును విచారించుట మనమెరిగిన సంగతులే. అందుచేతనే నాకు ఈ పుస్తకముమీద ఇంత పట్టుదల కలిగెను. మన సంఘ చరిత్రలను వ్రాసినవారును అనేకులు ఎల్లిసుగారి పద్ధతినే అనుసరించిరి: హింసించిన కరణమును, మునసబును వ్రాసిరి, సంఘము లోపలి గోడను వ్రాయలేదు.

అయినను ఎల్లిసుగారిని ప్రక్కకు నెట్టుమని నేను చెప్పను. తెలుగులో ఎవరైన ఈ చరిత్రను సంగ్రహించి వ్రాయదలచినయెడల 1835 మొదలు 1861 వరకుగల భాగమును ఆయననుండియే తీసికొనవలెను. కాని అక్కడ ఆపక 1896 వరకు చెప్పవలెను. హోవా అను పేరును దిద్దవలెను. రాజకులము, రైతులు, రాజసేవకులు, బానిసలు అను వివరము మొదటి పుటలోనే ఉండవలెను. అది లేనిచో రసలామా దేనిని దాటి వచ్చి ఆ కూటములో కూర్చున్నదో చదువరికి తెలియదు.

లండను మిషను, పారిసు మిషను, క్వేకరు మిషను స్థాపించిన సంఘములు 1968లో ఏకమై ఇప్పుడు ఆ దేశములో ఒకే పెద్ద సంఘముగా నున్నవి. బానిసల సంతతివారిని నేటికిని మైంతి అనియే పిలుచుట కలదు. వారికి పిల్లనిచ్చుటకు పాత కుటుంబములు నేటికిని వెనుదీయుచున్నవి. అంబతొనకంగలో 1867లోను, అంబోహిపోత్సిలో 1868లోను, ఫరవోహిత్రలో 1870లోను, అంపమరినానలో 1874లోను తెరవబడిన నాలుగు రాతి మందిరములు పట్టణపు కొండలమీద నిలిచియున్నవి. వాటిలో ఫరవోహిత్ర మందిరము మంటల స్థలమున, అంపమరినాన మందిరము కొండచరియ అంచున.